మందకొడి కుక్కపిల్ల

"ఇందులో కరవనిది ఏదండీ?"

పడవలో నీళ్ళు తోడిపోస్తున్న పోలయ్య తలెత్తేడు. బోడసకుర్రు రేవులో ఎండుచేపల గంప దింపుకుని ఓ పిల్ల నడుం మీద చెయ్యేసుకు నిలబడింది. ఆమె చూపు అతని మీద లేదు. పడవలో తల్లి పొట్ట దగ్గర దొర్లుతున్న నాలుగు కుక్కపిల్లల మీదుంది.

"కుక్కన్నాక కరుస్తుంది. కరవనిదే కావాలంటే కొబ్బరికాయని పెంచుకో."

"నేను మిమ్మల్ని సలహా అడగలేదండీ. కుక్కని అడిగేను."

"అయితే అదే చెబుతుంది, ఉండు."

మరిడమ్మకి ఒళ్ళు మండింది. కానీ వెళ్ళిపోలేదు. కుక్క అవసరం అలాంటిది.

ధవళేశ్వరంలో ఆనకట్ట కడుతున్న రోజులవి. ఓడలరేవులో వాళ్ళ ఇల్లు పొద్దు పొడిస్తే ఖాళీ. అన్న బంగారరాజు వేటకి, వదిన వలలు అల్లడానికి, మరిడమ్మ గంపెత్తుకుని ఊళ్ళమీదకి. ఇంట్లో మిగిలేది కాళ్ళు పడిపోయిన మామ్మ నూకాలమ్మ ఒక్కతే. మొన్న పిల్లి వచ్చి ఆవిడ కంచంలో చేపముక్క ఎత్తుకుపోతే, అదిలించలేక ఏడుస్తూ కూర్చుంది. ఆ సాయంత్రమే మరిడమ్మ అనుకుంది, చిన్న కుక్కని తేవాలని. మీదకి ఎగరకూడదు, ఊరికే అరవకూడదు, మంచం దిగిపోకూడదు.

ఆమె వంగి గట్టిగా చప్పట్లు కొట్టింది. ఒక పిల్ల మొరుగుతూ మీదకొచ్చింది. ఇంకోటి తాళ్ళచుట్ట వెనక దాక్కుంది. మూడోది చీరకొంగు పట్టి పీకింది. నాలుగోది కళ్ళు తెరిచి చూసి, తాపీగా నడిచొచ్చి, ఆమె పాదం మీద గడ్డం ఆనించి పడుకుంది.

"అది మందకొడి. దేనికీ పనికిరాదు," అన్నాడు పోలయ్య.

"మాకు పనికొస్తుందండి. మా ఇంట్లో పరిగెత్తేవాళ్ళు చాలామందే ఉన్నారు. మామ్మ పక్కన కూర్చునేవాళ్ళే లేరు."

పోలయ్య నవ్వడం మానేసి ఆమెని మొదటిసారి సరిగ్గా చూసేడు. "పాలు మానలేదింకా. నాలుగు సంతలు ఆగాలి."

"ప్రతి సంతకీ వచ్చి చూసుకుంటాను."

"దాన్నా? నన్నా?"

"దాన్నేనండి. మీరు కరుస్తారో లేదో తెలీదు కదా!"

నాలుగు సంతలూ ఇట్టే గడిచేయి. నాలుగో సంతనాడు వాన. పడవ మీద తాటాకు కప్పు కింద ఇద్దరూ, మధ్యలో నిద్రపోతున్న కుక్కపిల్ల.

"దీన్ని పట్టుకుపోతే నీకిక నా పడవతో పనుండదు," అన్నాడు పోలయ్య, వానని చూస్తూ. "నాకు మాత్రం నీతో పనుంది."

"ఏం పనండీ?"

"జన్మంతా పట్టే పని."

మరిడమ్మ కుక్కపిల్ల చెవి నిమిరింది. "అన్నయ్యనడగండి. నేను కాదనను," అంది.

"ఆనకట్టకి సున్నం తోలుకెళ్తున్నాను. శ్రావణంలో పెద్దల్ని వెంటపెట్టుకొస్తాను. ఆయ్?"

"ఆయ్," అంది మరిడమ్మ.

ఇంటికొచ్చిన కుక్కపిల్ల మామ్మ మంచాన్ని వదల్లేదు. పిల్లి ఆ గుమ్మం తొక్కలేదు. మామ్మకి రోజంతా కబుర్లు చెప్పుకోడానికి ఓ తోడు దొరికింది.

శ్రావణం వచ్చింది, వెళ్ళింది. పోలయ్య రాలేదు. కబురంపుదామా అనుకుంది. ఆడపిల్ల తగుదునమ్మా అని అడగడమేమిటని ఊరుకుంది.

కార్తీకంలో రేవుకెళ్తే అతని పడవ కనిపించింది. మెళ్ళో కొత్త పసుపుతాడుతో పడవలో ఒకమ్మాయి అంట్లు తోముకుంటోంది. పోలయ్య గబగబా ఒడ్డుకి దిగేడు.

"మాట బాగా నిలబెట్టుకున్నారండి," అంది మరిడమ్మ.

"నేను రాలేదా? మా మావయ్యని తీసుకునే వచ్చేను. మీ అన్న ఇంటిదాకా రానివ్వలేదు, ఒడ్డునే ఆపేడు. నీకు కాట్రేనికోనలో సంబంధం కుదిరిందన్నాడు. నువ్వే ఒప్పుకున్నావన్నాడు."

"నన్నొక్క మాట అడక్కపోయేరా?"

"నువ్వొక్క కబురంపకపోయేవా?"

మరిడమ్మ గంపెత్తుకుని వెనక్కి తిరిగింది.

ఇంటికెళ్ళేసరికి బంగారరాజు వల బాగుచేసుకుంటున్నాడు. నిలదీస్తే బొంకలేదు.

"ఆయ్, చెప్పేను. నువ్వెళ్తే మామ్మకి ముద్దెవరు పెడతారు? చేపలెవరు అమ్ముతారు? రెండేళ్ళాగి నీ పెళ్ళి నేనే చేద్దామనుకున్నాను."

మంచం మీంచి మామ్మ గొంతు లేచింది. "నా పేరు చెప్పి దాని గొంతు కోసేవట్రా? కాళ్ళు పోయేయి గానీ నోరు పోలేదే, నన్నడగలేకపోయేవా? మరిడీ, నన్నెత్తుకోవే. ఈ ఇంట్లో ముద్ద నాకిక దిగదు."

మరిడమ్మ మామ్మని వీపున వేసుకుని ఊరి చివర పాత వలలు పెట్టే పాకలోకి వెళ్ళిపోయింది. కుక్కపిల్ల తాపీగా వెంట నడిచింది. మూడోరోజు వదిన అన్నం పట్టుకొచ్చింది. మరిడమ్మ గిన్నె ముట్టుకోకుండానే తిప్పి పంపింది.

కడుపు నిండాలంటే చేపలు అమ్మాలి. అమ్మాలంటే ఏరు దాటాలి. సున్నం తోలడం మానేసి పోలయ్య ఆ రేవుకే తిరిగొచ్చేడు; ఇప్పుడు దాటించే పడవ అతనిదొక్కటే. వారం వారం ఎక్కేది, దిగేది. మాట్లాడుకునేవారు కారు.

మళ్ళీ వానలొచ్చేయి. ఓ సంతనాడు పడవలో తడుస్తూ కూర్చుంటే, నెలలు నిండిన పోలయ్య భార్య తాటాకు గొడుగు కింద చోటు చేసింది.

"ఇటు రా అక్కా, తడిసిపోతున్నావు. ఇంట్లో ఎవరుంటారు?"

"మా మామ్మ ఉంటుందమ్మా."

"పెళ్ళి కాలేదా?"

"లేదు."

ఆ పిల్ల ముఖంలో నిజమైన జాలి. వెంటనే వెనక్కి తిరిగింది. "ఏమండీ, మీకు పది ఊళ్ళు తెలుసు కదా. ఈ అక్కకో మంచి సంబంధం చూడరాదూ?"

పోలయ్య పడవ తోస్తున్న గెడ నీళ్ళలోంచి లేవలేదు. పడవ వానలో అలాగే ఆగింది.

"ఆయనకి శ్రమ దేనికమ్మా," అంది మరిడమ్మ. "రేవు వచ్చేసింది, దిగిపోతాను."

ఒడ్డు ఇంకా పది బారల దూరముంది. మరిడమ్మ గంప నెత్తికెత్తుకుని నడుంలోతు నీళ్ళలోకి దిగి నడుచుకుంటూ వెళ్ళిపోయింది.