లోపల ఊపిరి: ఒకటి

ఒంటారియో ఉత్తరాన ఉన్న ఆ కాగితం మిల్లులో, ఆరబెట్టే మిషన్ రిపేరు మూడింటికల్లా అయిపోయింది. లోపలికి దూరే ప్రతి మనిషీ, మిషన్‌ని ఎవరూ తిప్పకుండా, మెయిన్ స్విచ్చికి తన పేరున్న తాళం వేసుకోవాలి, బయటికొచ్చాక తనే తీసుకోవాలి. ఏడుగురు దూరారు, ఏడు తాళాలూ తీసేశారు. కంట్రోల్ రూమ్‌లో ఫోర్‌మన్ వెల్మా బటన్ నొక్కడమే తరువాయి.

"ఆగండి మేడం," అన్నాడు ట్రెంట్. మైకుల్లో మిషన్ల చప్పుడు విని ఏ బేరింగు పోబోతోందో ముందే చెప్పే ఏఐని మిల్లుకి తెచ్చిన ఇంజినీరు అతనే. మనిషి ఊపిరిని పసిగట్టడం కూడా దానికి ఈమధ్యే నేర్పాడు.

తెరమీద కనబడింది: లోపల ఊపిరి, ఒకటి.

"నీ డబ్బాకి మతి పోయిందేమో చూడవయ్యా! ఏడుగురూ క్యాంటీన్లో కాఫీ తాగుతున్నారు."

"ఆవిరి లీకేమో... చెప్పలేను."

వెల్మాకి ఒళ్లు మండింది. తప్పు జరిగితే తనమీదకి తోసెయ్యడానికే కంపెనీ దీన్ని పెట్టిందని మొదట్నించీ ఆమె అనుమానం. కానీ చెయ్యి బటన్ మీదకి పోలేదు. పోయిన ఏడాది ఇలాగే నొక్కేసింది. రెండు నిమిషాల పనికి తాళమెందుకులే అనుకుని దూరిన పనివాడు హార్లన్ అప్పుడు లోపలే ఉన్నాడు. మళ్లీ ఒక మనిషి తన చేతిమీదుగా పోతే ఆమె ఇక బతకగలదా?

తన తాళం తను వేసుకుని, వాకీటాకీ, టార్చీ పట్టుకుని దూరింది.

చీకటి. తడి కాగితం వాసన. పెద్ద పెద్ద రోలర్లు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. ఎక్కడో నీటిచుక్క... టప్... టప్...

"మేడం," వాకీటాకీలో ట్రెంట్ గుసగుసగా అన్నాడు. "ఇప్పుడు రెండు."

"ఒకటి నాది కదయ్యా."

"రెండోది... మీ వెనకే."

గిర్రున తిరిగి టార్చి వేసింది. ఎవరూ లేరు. మూలమూలా వెతికింది. ఎవరూ లేరు. వచ్చిన దారినే బయటపడి, తాళం తీసుకుని కంట్రోల్ రూమ్‌కి చేరింది.

"సున్నా," అన్నాడు ట్రెంట్.

"హమ్మయ్య!" వెల్మా కుర్చీలో కూలబడింది. "చూశావా, ఉత్త లీకు!"

ట్రెంట్ నవ్వలేదు. తెరమీద ఇంకో గడి చూపించాడు. ఈ గదిలోనూ ఒక మైకు ఉంది. ఆ గడిలో మూడు అని ఉంది.

గదిలో ఉన్నది ఇద్దరే.

వెల్మా ఊపిరి బిగబట్టింది. ఆమెని చూసి ట్రెంట్ కూడా.

అంకె మూడు నుంచి దిగింది. ఒకటి దగ్గర ఆగిపోయింది.