పంజరం ఖాళీ చేసినదెవరు?

"సార్, నా పంజరం ఖాళీ అయిపోయింది!"

తలుపు తోసుకొచ్చిన ఆవిడ బట్టలు తడిసి ముద్దయ్యాయి. సముద్రంలో వల పంజరాలు కట్టి పండుగప్ప చేపలు పెంచుతోందట. చేపల వేట మానుకున్న కుటుంబాలన్నీ ఆమెనే నమ్ముకున్నాయి. రాత్రికి రాత్రి పెద్ద పంజరంలో చేపలు మాయం!

"ఇక పంజరాల్ని నమ్మలేనని నా కొడుకు మూట కట్టేశాడు సార్. సాయంత్రం వాళ్ళ పెదనాన్న పడవెక్కి వేటకి పోతాడంట. వాడి నాన్న ఆ పడవలోనే పోయి తిరిగి రాలేదు."

డిటెక్టివ్ చెప్పుల్లో కాళ్ళు పెట్టేశాడు. సహాయకురాలైన మేనకోడలు సంచీ అందుకునేలోగా వీధి మలుపు తిరిగాడు కూడా. మావయ్య ఇలా ఉరికాడంటే కేసు తేలినట్టేనని ఆ పిల్లకి గట్టి నమ్మకం.

పంజరం వల చిరగలేదు, కత్తితో నిలువునా కోశారు. పక్కనున్న చిన్న పంజరానికి మేత వేళయింది. ఆవిడ మేత డబ్బాని పడవ అంచుకేసి టకటకా కొట్టగానే చేపలు నీళ్ళు చిమ్ముతూ ఎగబడ్డాయి. మేనకోడలు నిలువెల్లా తడిసి పకపకా నవ్వింది.

రేవులో పెదనాన్న పడవ పక్కన నీళ్ళలో వలతో దడి కట్టి ఉంది. దాన్నిండా పండుగప్పలే.

"ఎక్కడివి?" అని పెదనాన్నని అడిగాడు డిటెక్టివ్.

"పొద్దున్నే నడిసంద్రంలో పట్టాను. ఏం, చేపల మీద పేర్లు రాసుంటాయా?"

మేనకోడలు పడవలోని వలకి ఆనుకుంది. ఎండి పెళపెళలాడుతున్న వల నుంచి ఉప్పుపొడి భుజానికి అంటుకుంటే మావయ్యకి చూపించింది.

సాయంత్రానికి డిటెక్టివ్ అందరినీ రేవుకి పిలిపించాడు. కొడుకు అప్పటికే మూటతో పడవలో కూర్చున్నాడు.

"పొద్దున వాడిన వల అంత పొడిగా ఉందేం?"

"అది వేరే వల!" పెదనాన్న కసిరాడు.

"సరే. నడిసంద్రపు చేపైతే చప్పుడికి పారిపోతుంది. అమ్మా, మీ డబ్బా కొట్టండి."

ఆవిడ పడవ అంచుకేసి టకటకా కొట్టింది. దడిలో నీళ్ళు ఉడికినట్టు పొంగాయి. చేపలన్నీ నోళ్ళు తెరుచుకుని ఆమె వైపే ఎగబడ్డాయి! జనం కేకలు పెట్టారు. మేనకోడలు ఆపుకోలేక ఈల వేసేసింది.

"రాత్రి పంజరం కోసి, చేపల్ని వలలోకి మళ్ళించి ఇక్కడికి లాక్కొచ్చాడు," అన్నాడు డిటెక్టివ్. "అమ్ముకోడానికి కాదు. సముద్రంలో ఎంత చేపుందో చూడండని కుర్రాళ్ళని ఊరించి, మళ్ళీ తన పడవ ఎక్కించుకోడానికి."

పెదనాన్న పడవ అంచున కూలబడ్డాడు. "అందరూ నన్నొదిలేశారు. ఒంటరిగా పడవెలా నడపనమ్మా?"

"మీ తమ్ముణ్ణి తీసుకుపోయి ఒక్కరే తిరిగొచ్చారు బావగారూ. వీణ్ణి మాత్రం ఇవ్వను."

కొడుకు మూట గట్టు మీదకి విసిరి, పడవలోంచి దూకాడు. తల్లి ముఖం చూడలేక తల వంచుకుని నిలబడ్డాడు.

"అలా నిలబడ్డావేంరా? పద, చీకటి పడేలోగా పంజరం కుట్టాలి."