ఇసకతిప్ప మీద అభిప్రాయం

మంగళవారం పొద్దున్నే కాకినాడలో ఎవరు ఎదురుపడినా ముందు అడిగేది ఒకటే, "ఇవాళ ఏం మార్చాడు?" అని. ఆ మార్చేవాడు మనిషి కాదు. సవరణి అనే యంత్రం. వారానికోసారి, మంగళవారం ఐదు గంటలకి, ఊళ్ళో జనం ఆడే వీడియో గేములన్నిటినీ అది దిద్ది పెడుతుంది. ఎవరి బండి ఎక్కువ వేగం పుంజుకుంది, ఎవరి కోటకి కొత్త గోడ లేచింది అని టీ కొట్ల దగ్గర చర్చలు మొదలవుతాయి.

ఆ మంగళవారం పరంజ్యోతి కళ్ళద్దాల షాపు షట్టరు సగం ఎత్తి, లోపల స్టూలు మీద కూర్చుని హెడ్‌సెట్ తగిలించుకుంది. 'సరంగు' అనే పాత ఆటలో లాంచీ ఎక్కి, గోదారి మీద పన్నెండో రేవు దాకా నడిపింది. అక్కడ లాంచీ ఇసకలో కూరుకుపోవాలి. కూరుకోలేదు. తిన్నగా సాగి పదమూడో రేవు చేరిపోయింది. వెనక్కి తిప్పి మళ్ళీ వచ్చింది. ఇసకతిప్ప లేదు. తొమ్మిదేళ్ళుగా ఉన్న తిప్ప, తుడిచేసినట్టు మాయమైంది. ముందు ఆమెకి ఏడుపొచ్చింది. ఆ వెంటనే అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ తిప్ప గొప్పతనం చెబితే తెలియనివాళ్ళు నవ్వుతారు. లాంచీ దానికి తగులుకుంటే పోటు వచ్చి నీళ్ళు లేపేదాకా ఇరవై రెండు నిమిషాలు ఆగాలి. ఆటగాడు చేయగలిగిందేమీ ఉండదు. ప్రయాణికులు సణుగుతారు, బుట్టలావిడ లాంచీ నడిపే సరంగుని దులిపేస్తుంది, ఒకాయన "ఇంకెంతసేపు?" అని మూడుసార్లు అడుగుతాడు. అంతే. ఆట అన్నాక ఏదో ఒకటి చేయాలి గదా, చేతులు ముడుచుకు కూర్చోబెట్టడం ఏ ఊరి న్యాయం అన్నది పరంజ్యోతి వాదన. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆమె ఆ తిప్ప మీద కూర్చునే దాన్ని తిట్టేది. పక్కన యాకూబ్ అనే అరవై మూడేళ్ళాయన, పోర్టులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి, దాన్ని వెనకేసుకొచ్చేవాడు. ఇద్దరి ఇళ్ళూ ఊరికి చెరో కొసన. కలుసుకునేది మాత్రం లాంచీలో. ఆ ఇరవై రెండు నిమిషాల్లోనే ఆయన భార్య ఆపరేషను సంగతి ఈమెకి తెలిసింది, ఈమె తల్లి చనిపోయిన వారం ఆయన ఏమీ మాట్లాడకుండా కూర్చున్నదీ అక్కడే. లాంచీ కదులుతూ ఉంటే చూపు చుక్కాని మీదే ఉంచాలి. మాట్లాడుకోవడానికి లాంచీ ఆగాలి.

సవరణి ఎలా పనిచేస్తుందో చెప్పడం తేలిక. హెడ్‌సెట్‌లో చిన్న మైకు ఉంటుంది. ఆడుతూ గాని, ఆటల గురించి చెబుతూ గాని మనిషి దేన్ని తిట్టాడు, దేన్ని మెచ్చుకున్నాడు, ఆ గొంతులో వేడి ఎంత అన్నది అది కొలుస్తుంది. ఆ వేడిని ఆ మనిషి మాట వినేవాళ్ళ సంఖ్యతో హెచ్చవేస్తుంది. వచ్చినదాన్ని బరువు అంటారు. తిట్ల బరువు ఎక్కువైతే ఆ వస్తువు ఆటలోంచి పోతుంది. మెప్పుల బరువు ఎక్కువైతే ఇంకాస్త పెరుగుతుంది. రెండూ సరిసమానమైతే ఉన్నది ఉన్నట్టు ఉంటుంది.

పరంజ్యోతి నోటి ధాటి మామూలుది కాదు. శుక్రవారం శుక్రవారం 'కడుపుమంట' అనే పేరుతో గేముల మీద ఆడియో కార్యక్రమం చేస్తుంది. పురుగు పట్టని వరిచేను ఆట వస్తే, అది చేనా, గోడకి తగిలించుకునే పటమా అంది. సవరణి మరుసటి వారమే దోమపోటు పెట్టింది. కబడ్డీ ఆటలో రిఫరీకి చూపు లేదని, తన షాపుకి పంపిస్తే ఊరికే అద్దాలు ఇస్తానని అంది. రిఫరీ బాగుపడ్డాడు. జనానికి ఇది నచ్చింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గాని, ఈ ఊళ్ళో ఆటలు బాగుపడింది చెడ్డ నోటివల్లే. ఈ ఏడాది ఆమె శ్రోతలు లక్షా ఎనభై వేలు దాటారు. అప్పుడు ఆమె కూడా సవరణిని నెత్తిన పెట్టుకుంది. మన మాటకి విలువిచ్చేది ఒకటి పుట్టిందని పొంగిపోయింది. ఆ పొంగులోనే ఒక శుక్రవారం, ఆదివారాలు చాలక, ఇసకతిప్పని కార్యక్రమంలో కూడా అరగంటసేపు ఏకిపారేసింది. ఆదివారం తిట్లకి యాకూబ్ మెప్పు ఇన్నాళ్ళూ సరితూగింది గాని, ఈ అరగంటకి తూగలేదు. ఇప్పుడు అనుభవిస్తోంది.

షాపు మూసేసి, ఆటో ఎక్కి, నేరుగా సవరణి కేంద్రానికి వెళ్ళింది. దాన్ని కనిపెట్టిన డాక్టర్ నిరంజన్ మెత్తని మనిషి. కుర్చీ వేయించి, మంచినీళ్ళు తెప్పించి, ఆమె రికార్డు తెర మీద తెరిచాడు. అలాంటివాళ్ళ మీద కోపం తెచ్చుకోవడం కష్టం, అందుకని పరంజ్యోతికి మరింత కోపం వచ్చింది.

"నాలుగు వందల అరవై తొమ్మిది సార్లు తిట్టారండి," అన్నాడాయన. "ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు. మేం మీ మాటే విన్నాం."

"నచ్చనిదాన్ని ఒకసారి తిట్టి ఊరుకుంటామండి. రెండోసారి దాని మొహం చూడం. తొమ్మిదేళ్ళు, వారం వారం పనిగట్టుకుని వెళ్ళి తిట్టానంటే అదేవిటో మీకు తెలీదాండి? మీ ఇంట్లో ఎవరూ ఎవర్నీ తిట్టరా?"

డాక్టర్ ఆ మాట కాగితం మీద రాసుకున్నాడు. తరవాత, ఇది చాలా విలువైన పరిశీలన అనీ, కాని తిట్టులోపల ఏముందో యంత్రానికి అందదనీ, దానికి అందేది వేడి ఒక్కటేననీ చెప్పాడు. ఒక ఉపాయం ఉందన్నాడు. ఆమె ఇప్పుడు మైకు ముందు కూర్చుని తిప్పని మెచ్చుకుంటే, ఆమె బరువుకి అది వచ్చే మంగళవారమే తిరిగి వస్తుంది.

పరంజ్యోతి గొంతు సవరించుకుంది. ఇసకతిప్ప చాలా బాగుంటుందనీ, అక్కడ కూర్చోవడం మనసుకి ఎంతో హాయిగా ఉంటుందనీ చెప్పింది. పళ్ళు బిగపట్టి చెప్పింది. తెర మీద, 'వెటకారం, ఎనభై ఒక్క శాతం' అని పడింది. ఇంకోసారి చెప్పింది. తొంభై నాలుగు. మూడోసారి చెప్పబోయి యంత్రాన్నే తిట్టింది. ఆ తిట్టుకి మాత్రం నూటికి నూరు మార్కులు పడ్డాయి.

ఇంక మిగిలింది అభిప్రాయ విరమణ పత్రం. దాని మీద సంతకం పెడితే ఆ మనిషి అన్న మాటలన్నీ, వెనకటివీ ముందుకి అనబోయేవీ, లెక్కలోంచి పోతాయి. ఆమె తిట్లు పోతే తిప్ప వచ్చేస్తుంది. తొందరపడవద్దనీ, ఇది వెనక్కి తీసుకునేది కాదనీ డాక్టర్ అన్నాడు. పరంజ్యోతి ఆయన జేబులోని పెన్నే లాక్కుని సంతకం పెట్టింది. కోపంలో పెట్టిన సంతకం కాగితానికి చిల్లు పడేంత గట్టిగా పడింది.

తరవాతి మంగళవారం తిప్ప వచ్చింది. ఆదివారం ఇద్దరూ దాని మీద కూర్చుని ఎప్పటిలాగే దెబ్బలాడుకున్నారు. శుక్రవారం కార్యక్రమంలో ఆమె జరిగిందంతా శ్రోతలకి చెప్పింది. ఇక తన మాటతో ఆటలు మారవని కూడా చెప్పింది. మూడు వారాల్లో లక్షా ఎనభై వేలమందిలో ఇరవై ముగ్గురు మిగిలారు. ఇన్నాళ్ళూ వాళ్ళు విన్నది ఆమెని కాదు, ఆమె బరువుని. ఆ ఇరవై ముగ్గురిలో కూడా సగం మంది కార్యక్రమం ఆపెయ్యడం మరిచిపోయినవాళ్ళే. అది ఆమెకి లోపల గుచ్చుకుంది. పైకి మాత్రం పీడా పోయింది అంది.

ఈలోగానే అసలు తిరకాసు మొదలైంది. రెండో వారం పన్నెండో రేవు దగ్గర మూడు తిప్పలు వచ్చాయి. మూడో వారం పదకొండు. నాలుగో వారానికి లాంచీ మొదటి రేవు దగ్గరే ఇసకలో కూర్చుని, కదలనని మొరాయించింది. గోదారి నిండా ఇసకే. బుట్టలావిడలు పదకొండుమంది పదకొండు లాంచీల్లోంచి ఒకేసారి తిడుతున్నారు.

పరంజ్యోతి నిరంజన్‌కి ఫోన్ చేసింది. ఆయన చూసి చెప్పాడు. సరంగు ఆడేవాళ్ళు ఇప్పుడు నలభై మందికి మించరట. వాళ్ళలో నోరు తెరిచి ఆట గురించి గాని తిప్ప గురించి గాని మాట్లాడేవాళ్ళు ఇన్నాళ్ళూ ఇద్దరే. ఆమె తిట్లు తీసేస్తే మిగిలింది యాకూబ్ తొమ్మిదేళ్ళ మెప్పు. ఆయన మాట వినేది పరంజ్యోతి ఒక్కతే అయినా, లెక్కలో మిగిలింది ఆయనొక్కడే గనక అదే నూటికి నూరైంది.

ఆ ఆదివారం ఆమె యాకూబ్ మీద విరుచుకుపడింది. ఇన్ని తిప్పలు పుట్టించారు, మీకు బుర్ర ఉందాండి అని అడిగింది. కాస్త తిట్టమంది. ఆయన ప్రయత్నించాడు. "ఈ ఇసక కొంచెం ఎక్కువైందనిపిస్తోందండి," అన్నాడు. అది తిట్టు కాదు, పెళ్ళి భోజనంలో పప్పు గురించి చెప్పినట్టుంది. ఎలా తిట్టాలో ఆమె పావుగంట నేర్పించింది. ఆయనకి ఆ నోరు రాలేదు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. మెచ్చుకుంటే పెరుగుతుంది, తిట్టడం చేతకాదు, నోరు మూసుకు కూర్చుందామా అంటే ఇద్దరూ కలిసేదే మాట్లాడుకోవడానికి.

"నిజం చెప్పమంటారా," అన్నాడు యాకూబ్. "మొదట్లో నాకూ ఇక్కడ విసుగేనండి. మీరు తిడుతున్నారని, మాట కలపడానికి వెనకేసుకొచ్చాను. పోనుపోను నిజంగానే బాగుందనిపించింది."

సోమవారం యాకూబ్ కూడా కేంద్రానికి వెళ్ళి విరమణ పత్రం మీద సంతకం పెట్టి వచ్చాడు.

మర్నాటికి గోదారి బాగైంది. పన్నెండో రేవు దగ్గర ఒకటే తిప్ప, పాతదే, ఇరవై రెండు నిమిషాలే. నాలుగు ఆదివారాలు ఇద్దరూ అక్కడ పండగ చేసుకున్నారు. ఆమె నోరారా తిట్టింది, ఆయన మనసారా మెచ్చుకున్నాడు, ఎవరు ఎంత గొంతు చించుకున్నా ఒక ఇసక రేణువు కూడా అటూ ఇటూ కదల్లేదు. పరంజ్యోతికి చాలా ఏళ్ళ తరవాత కోపం హాయిగా అనిపించింది.

అయిదో ఆదివారం, లాంచీ తిప్పకి తగులుకున్న కాసేపటికి, కళ్ళ ముందు ఒక నోటీసు వెలిగింది. 'సరంగు' గురించి ముప్పై రోజులుగా ఎవరికీ ఏ అభిప్రాయమూ లేనందువల్ల, ఆ ఆటను ఈ రోజు మూడు గంటలకి శాశ్వతంగా మూసివేస్తున్నట్టు అందులో ఉంది. టైము రెండూ నలభై ఎనిమిది. ముందుగా ఎందుకు చెప్పలేదో కింద చిన్న అక్షరాల్లో ఉంది. ముందస్తు నోటీసు, ఆ ఆట మీద అభిప్రాయం ఉన్నవారికి మాత్రమే పంపుతారట.

ఆమె ఆట లోపలినుంచే డాక్టర్‌కి ఫోన్ కలిపింది. ఆదివారమైనా ఆయన ఎత్తాడు. ఆయన గొంతులో బాధ నిజమైనదే. మూసివేత తన చేతిలో లేదనీ, ఎవరూ పట్టించుకోని ఆటల్ని ఖాళీ చేయడం యంత్రం తనంతట తానే చేస్తుందనీ చెప్పాడు. ఆ ఆట గురించి ఒక్కళ్ళు మాట్లాడినా ఆగేదని కూడా అన్నాడు.

"నేను మాట్లాడుతున్నాను గదండి ఇప్పుడు," అంది పరంజ్యోతి. "పక్కన యాకూబ్ గారు మాట్లాడుతున్నారు. మీకు వినబడుతోందా, లేదా?"

"వినబడుతోందండి. నాకు వినబడుతోంది."

"మరింకేం?"

"మీరు మాట్లాడుతున్నారండి. రికార్డు ప్రకారం మీకు అభిప్రాయం లేదు."

ఆమె ఫోన్ పెట్టేసింది. మిగిలిన ముప్పై ఎనిమిది మందిలో ఎవరైనా లోపల ఉన్నారేమోనని రేవు రేవుకీ కేక వేసింది. ఆదివారం మధ్యాహ్నం, ఎవరూ పలకలేదు. మేనకోడలికి ఫోన్ చేసి, వెంటనే ఆటలోకి వచ్చి నాలుగు తిట్టమంది. ఆ పిల్ల ఆట దించుకోవడానికే పది నిమిషాలు పడుతుందంది. పోటు ఎక్కడానికి ఇంకా పదిహేను నిమిషాలుంది. మూసేయడానికి ఆరు.

"ఏం చేద్దామండి?" అన్నాడు యాకూబ్.

ఏముంది చేయడానికి. లాంచీ ఇసకలో ఉంది. పరంజ్యోతి తిప్పని మొదటినుంచి తిట్టడం మొదలుపెట్టింది. ఇసకని తిట్టింది, పోటుని తిట్టింది, దీన్ని ఇక్కడ పెట్టినవాడినీ, ఇన్నాళ్ళూ తీయనివాడినీ, ఇప్పుడు తీస్తున్నవాడినీ తిట్టింది. మీరన్నది తప్పండి, ఈ ఆటలో బాగున్నదల్లా ఇదొక్కటేనండి అని యాకూబ్ అడ్డుపడ్డాడు. ఎందుకు బాగుందో చెప్పమని ఆమె నిలదీసింది.

ఆయన చెప్పబోతూండగా మూడైంది.