ఇస్సాకు విడిచిన తీగ

కొత్త కంప్యూటర్‌లో పాత విండోస్ ఎక్కించడమంటే నాకు ఒళ్లు మంట. ఊరంతా కొత్తదాని కోసం ఎగబడుతుంటే, మనం మాత్రం వెనక్కి నడవాలి. అడిగింది నా స్నేహితుడు రవీందర్ కాబట్టి ఒప్పుకున్నాను.

అది రెండు వేల ఏడు, వానాకాలం. కిషన్‌బాగ్‌లో ఇరుకు సందు చివర అతని కంప్యూటర్ ఎంబ్రాయిడరీ దుకాణం. కింద మిషన్, పైన ఇల్లు. మిషన్‌కు డిజైన్లు పంపే సాఫ్ట్‌వేర్ విండోస్ 98లో తప్ప నడవదు. దాన్ని మోసిన పాత కంప్యూటర్ బోర్డు కాలిపోయింది. మిషన్ నడిపే ఇస్సాకు అంతకు కొద్ది రోజుల ముందే పోయాడు. మిషన్ ముందే, కుర్చీలోనే, గుండె ఆగిపోయి.

రవీందర్ భార్య తనూజను ఇస్సాకు సొంత చెల్లెలిలా చూసుకునేవాడు. ఆమెకు ఏడో నెల. ఇంతకుముందు ఒక కడుపు నిలవలేదు. అందుకని ఈసారి ఇంట్లో ఎవరూ ఆమె ముందు గట్టిగా మాట్లాడేవారు కూడా కాదు. సీమంతం చీర నేనే కుడతానని ఇస్సాకు పట్టుబట్టాడు. మామిడి పిందెల తీగ డిజైన్ తనే చేశాడు. కొంగు సగంలో ఉండగా పోయాడు.

"కుట్టెటోడు నడుమ పోతే ఆ బట్టను ఇంకొకలు ముట్టరు బిడ్డా," అంది రవీందర్ తల్లి బుచ్చమ్మ, నేను వెళ్లగానే. "మగ్గమోళ్లందరికి ఎరుకే. చట్రం ఇప్పి, చీరను మూసీల ఇడిసినం." ఆమె భర్త తరం నుంచీ వాళ్లది చట్రానికి బట్ట బిగించి చేత్తో కుట్టే మగ్గం పనే. నేను తలూపి స్క్రూడ్రైవర్ తీశాను. మా కోస్తావాళ్లకు ఇలాంటి పట్టింపులు లేవని గొప్పలు పోయేవాణ్ణి అప్పట్లో.

మధ్యాహ్నానికే మబ్బు కమ్మి గది చీకటయింది. తడిసిన గుడ్డల వాసన, మిషన్ నూనె వాసన. విండోస్ నా తల ప్రాణం తోకకు తెచ్చింది. మెమరీ ఎక్కువుంటే, చాలట్లేదని ఏడుస్తుంది. ఒక ర్యామ్ పీకేశాను. డిస్ప్లేకు డ్రైవర్ దొరకలేదు, తెర మీద అక్షరాలు అరచేతంత కనపడ్డాయి. చివరికి ఎలాగో లేచి కూర్చుంది.

మిషన్‌తో మాట్లాడుతోందో లేదో చూడాలంటే ఏదో ఒక డిజైన్ కావాలి. పాత హార్డ్ డిస్క్ తగిలిస్తే, చెడిపోకుండా మిగిలింది ఒక్కటే. ఇస్సాకు తీగ.

రవీందర్ మెట్ల వైపు చూశాడు. గొంతు తగ్గించాడు.

"బట్ట మూసీల కలిపినం గద భాయ్. డిజైన్‌కేముంది? పెట్టు."

చట్రానికి తెల్లటి వేస్టు గుడ్డ బిగించాడు. ఆగిన చోటు నుంచి కుట్టాలా అని సాఫ్ట్‌వేర్ అడిగింది. ఎంటర్ కొట్టాను.

సూది కదిలింది. టకటకటక... ఆకుపచ్చ తీగ తెల్లగుడ్డ మీద పాకింది. పనైపోయిందని సంబరపడ్డాను. అంతలో లవంగం వాసన వచ్చింది. ఇస్సాకు ఎప్పుడూ బుగ్గన లవంగం పెట్టుకునేవాడు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

తనూజ గోడ పట్టుకుని మెట్లు దిగింది. ముఖం వెలిగిపోతోంది.

"పొద్దుగాల్నుంచి బిడ్డ సప్పుడు లేకుండె. ఇప్పుడు మస్తు దుంకుతుంది."

"నువ్వెందుకు దిగినవ్? కూసో," అంటూ రవీందర్ స్టూలు జరిపాడు. పరీక్షకు ఇంత చాల్లే అని నేను మిషన్ ఆపాను.

తనూజ చేయి కడుపు మీదే ఉంది. కాసేపటికి ఆమె నవ్వు పోయింది.

"అన్నా... ఆగింది."

మొదట ఎవరికీ ఏమీ తట్టలేదు. మంచినీళ్లు తాగించాం. పక్కకు తిరిగి కూర్చోమన్నాం. కదలిక లేదు. రవీందర్ ఆటో కోసం పరుగెత్తి, నడుం దాకా తడిసి వెనక్కి వచ్చాడు. సందు నిండా నీళ్లు. బహదూర్‌పురా ఆస్పత్రి దాకా బండి కదిలేటట్టు లేదు.

"మిషన్ పెట్టన్నా," అంది తనూజ.

పెట్టాను. టకటకటక... ఆమె ఊపిరి వదిలింది. కదిలింది. ఆపాను. ఆగింది. మళ్లీ పెట్టాను.

చప్పుడు విని దిగిన బుచ్చమ్మ గుడ్డ మీద తీగ చూసింది. చూసి మెట్టు మీదే కూలబడింది.

"ఏం పని చేసిండ్రురా... పోయినాయనతోని పని మళ్ల మొదలుపెట్టించిండ్రు. ఇగ ఆపకుండ్రి..."

అప్పుడే తెర నీలంగా మారింది. తెల్ల అక్షరాలు. కంప్యూటర్ బిగుసుకుపోయింది. సూది గాల్లో నిలబడిపోయింది.

"కదుల్తలేదు... అన్నా, కదుల్తలేదు..."

రీసెట్ కొట్టాను. సరిగ్గా ఆపకపోతే విండోస్ 98 ముందు డిస్కంతా తనిఖీ చేస్తుంది. పసుపు గీత చీమలా పాకుతోంది. దాన్ని దాటించే మీట తెలిసిందే, ఎన్నిసార్లు నొక్కినా దాటలేదు. జీవితంలో అంత భయం నాకు ఎన్నడూ లేదు. బయట వాన. లోపల నలుగురం... లవంగం వాసన ఇప్పుడు నా మెడ వెనకే ఉంది. తిరిగి చూడలేదు.

"ఇస్సాకన్నా," అని తనూజ గొణుగుతోంది. "నీకు దండం పెడతనే... నా బిడ్డనియ్యే..."

గీత చివరికి చేరింది. విండోస్ లేచింది. డిజైన్ తెరిచాను. ఆగిన చోటు నుంచి... ఎంటర్.

టక్... టక్... టకటకటక...

తనూజ కళ్లు మూసుకుంది. ఆ తర్వాత తల ఊపింది. కదిలింది! రవీందర్ చిన్నపిల్లాడిలా గోడకు తల ఆనించి ఏడ్చాడు. బుచ్చమ్మ రెండు చేతులూ జోడించింది. నేను నేల మీదే కూర్చున్నాను.

తనూజ కళ్లు తెరిచింది. ఒక చేయి పొత్తికడుపు మీద అలాగే ఉంచింది. రెండో చేయి మెల్లగా పైకి జరిపి, పక్కటెముకల కింద పెట్టుకుంది. చాలాసేపు అలాగే ఉంది. ఆమె ముఖంలో రంగు పోయింది. మిషన్ మోతలో మాకు వినపడాలని ముందుకు వంగింది.

"అన్నా... స్కానింగ్‌ల ఒక్కలే ఉన్నరన్నరు గద... ఇప్పుడు ఇద్దరు కదుల్తున్నరు."