ట్యూషన్ మేడం

ఆదివారం ఉదయం చర్చికి వేళవుతోందని, ఆరేసిన జాకెట్టు కోసం రైల్వే క్వార్టర్ వెనక్కి వెళ్లిన జ్ఞానమణి అక్కడే నిలబడిపోయింది. నీళ్ల డ్రమ్ము పక్కన పాత దుప్పటి కప్పి ఒక స్కూటీ ఉంది. నంబరు ప్లేటు లేదు. భర్త రైలు డ్యూటీ మీద ఊళ్లో లేడు.

నతానియేల్ ఆమెకు ఒక్కగానొక్క కొడుకు. పదిహేడో ఏట దోస్తులతో కలిసి బండ్లు ఎత్తుకుపోతూ దొరికాడు. బాలల కోర్టు వాడిని ఇంటికి పంపి, ఏడాదిపాటు ప్రొబేషన్ అధికారి సుకన్య కనుసన్నల్లో ఉండమంది. ప్రతి శనివారం వెళ్లి సంతకం పెట్టి రావాలి. మెట్టుగూడలో ఎవరడిగినా ట్యూషన్‌కు పోయాడని చెప్పేది జ్ఞానమణి.

ఆ ట్యూషనే ఆమెకు కంట్లో నలుసైంది. ఇంట్లో ఏమడిగినా 'ఆ', 'ఊ' అనేవాడు, ఆ మేడంతో ఫోనులో అరగంట నవ్వుతూ మాట్లాడేవాడు. మేడం చెప్పిందని పొద్దున్నే లేచాడు, మేడం చెప్పిందని ఏసీలు బాగుచేసే పనిలో చేరాడు. అవే మాటలు చెప్పి చెప్పి తన గొంతు ఎండిపోయింది మరి. గడువు ముగిసినా ఆ ఫోన్లు ఆగలేదు.

మూడు నెలల కింద ఆమే సుకన్యకు ఫోన్ చేసి, కేసు అయిపోయింది కదా, మా పిల్లవాడిని ఇక మాకు వదిలేయండి అంది. కొడుకుతో మాత్రం మేడమే ఇక ఫోన్ చెయ్యొద్దన్నదని చెప్పింది. ఆ రోజు వాడు అన్నం ముట్టలేదు. ఆమె కడుపునిండా తిన్నది.

ఇప్పుడు వాడిని నిద్రలేపి వెనక్కి లాక్కొచ్చింది.

"ఎవల్దిరా ఈ బండి?"

"దోస్తుది."

"దోస్తుదైతే దుప్పటెందుకు కప్పినవ్? నీకు పద్దెనిమిది నిండినయ్ నతానూ. ఈసారి ట్యూషన్ ఉండది, సీదా జైలే."

వాడు గోడకు ఆనుకుని కూలబడ్డాడు. నిన్న సాయంత్రం బొల్లారంలో ఒక ఫంక్షన్ హాల్ బయటినుంచి తెచ్చాడట. పాత దోస్తులు నెలనుంచీ వెంటపడుతున్నారట.

"గట్ల వెంటపడ్డప్పుడు నాకొక్క మాట చెప్పొద్దా?"

"నీకు చెప్తే ఏడుస్తవ్, లేకుంటే తిడ్తవ్. మేడమైతే ఇనేది. 'ఇయ్యాల ఏం బుద్ధి పుట్టింది' అని అడిగేది. ఉన్నదున్నట్టు చెప్పేటోన్ని. చెప్పినంక చెయ్యబుద్ధి కాకపోయేది. ఆమె సుత నన్ను వద్దన్నది గదా."

ఆ అబద్ధాన్ని దాచుకుంటే వాడు జ్ఞానమణికొక్కదానికే మిగులుతాడు. ఈ బండీ ఇక్కడే మిగులుతుంది.

"ఆమె వద్దనలే బిడ్డా. నేనే అన్న. నువ్వు ఆమెతోని నవ్వుతుంటే ఓర్వలేకపోయిన."

వాడు ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

తానే సుకన్య నంబరు కలిపింది. క్షమించమని అడగబోతే, అవన్నీ తర్వాత, ముందు బాబుకివ్వండి అంది సుకన్య. ఫోను వాడి చేతిలో పెట్టి ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది జ్ఞానమణి. అవతలనుంచి వాడి ఏడుపు వినిపించింది. ఊహ తెలిశాక తన దగ్గర ఎన్నడూ అలా ఏడవలేదు వాడు. గుండెలో మంట అలాగే ఉంది. అయినా తలుపు తీయలేదు.

కాసేపటికి వాడే వచ్చాడు. పోలీసులు రాకముందే బండి అప్పజెప్పాలని, మేడం స్టేషన్‌కు వస్తానందని చెప్పాడు. కేసు తప్పుతుందని మాత్రం మాటివ్వలేనన్నదట.

"పోయిరా. ఆమె ఉంటది గదా" అంది కళ్లు తుడుచుకుంటూ.

"ఆమె నా తరఫున మాట్లాడ్తది. నువ్వు నా పక్కన కూసోవాలె అమ్మా."

ఆమె చెప్పులు వేసుకుంది. ఇద్దరూ స్కూటీని చెరోవైపు పట్టుకుని, చర్చికి బయలుదేరిన వాళ్లంతా చూస్తుండగానే, నడివీధిలోంచి తోసుకుంటూ వెళ్లారు.