పందొమ్మిదో ప్రశ్న

2097 మార్చి పన్నెండు. ఆ మధ్యాహ్నం ఏం తిన్నదీ గౌరీపతికి బాగా గుర్తు. పొట్లకాయ పెసరపప్పు కూర, సగం చల్లమిరపకాయ, గ్లాసెడు సోయా మజ్జిగ. పొట్లకాయ తూర్పు తోటలోది. ఆయన భార్య కాత్యాయని పాదులో కాసింది.

అంగారకుడి మీద చనిపోయినవాళ్లను దహనం చేయడానికి గాలి ఖర్చుపెట్టలేరు. ఊరిని కప్పిన గుమ్మటం బయటి నేలలో పాతిపెడితే వేల ఏళ్లయినా మట్టిలో కలవరు. అందుకని నవకళింగం ఊళ్లో తూర్పు వైపు ఒక తోటను వెచ్చగా ఉంచి, పోయినవాళ్లను అక్కడి మట్టిలో కలుపుతారు. ఒక్కొక్కరికి ఒక్కో పాదు. ఏడాదికోసారి ఆ పాదులో కాసినదేదో ఇంటివాళ్లు కోసి వండుకుంటారు. ఆ రోజు కాత్యాయని పోయి రెండేళ్లు నిండాయి.

ఆ సాయంత్రమే ఊళ్లో తులనిక తలుపులు తెరిచారు.

తులనిక గౌరీపతి ఆరేళ్ల కష్టం. అంగారక సెనేట్‌కు ఒక్కో గుమ్మటం నుంచి ఒక్కరే వెళతారు. ఇంతకు ముందు ఎన్నికల్లో జనం మనిషిని చూసి ఓటేసేవారు. ఎవరు ఏ వీధివాళ్లు, ఎవరు పెళ్లికి పిలిస్తే వచ్చారు, ఎవరు రాలేదు, ఇదే లెక్క. అభ్యర్థి ఏం చేస్తానన్నాడో అడిగితే పదిమందిలో ఇద్దరు కూడా చెప్పలేకపోయేవారు. ఆ లోటు తీర్చడానికే ఈ యంత్రం. ఇద్దరు అభ్యర్థుల ప్రసంగాలు, ఊరి సభలో వాళ్లు వేసిన ఓట్లు, రాసిన ఉత్తరాలు అన్నీ చదివి, ఇరవై ఐదు ప్రశ్నల మీద ఇద్దరి విధానాలనూ పక్కపక్కన పెడుతుంది. పేర్లు చెప్పదు. రెండు జవాబులనూ ఒకే గొంతుతో, ఒకే నిడివిలో వినిపిస్తుంది. ఓటరు తనకు నచ్చినదాన్ని వేలితో తాకాలి. చివర్లో మాత్రం ఎవరి విధానాలతో ఎన్ని కలిశాయో చెబుతుంది.

దీనితోపాటే ఒక చట్టం కూడా పుట్టింది. ఊరందరి తుది జవాబులనూ కూడి ఆదేశపత్రం తయారుచేస్తారు. గెలిచినవారు తమ విధానం ఏదైనా సరే, ఊళ్లో ఎక్కువమంది వద్దన్నదాన్ని చేయకూడదు. కావాలన్నదాన్ని మానకూడదు. నాలుగేళ్లదాకా ఆ పత్రంలో అక్షరం మారదు.

తుది జవాబులు అనడంలో గౌరీపతి పెట్టిన వెసులుబాటు ఒకటుంది. పోలింగు ముందు రోజు దాకా ఎవరైనా ఎన్నిసార్లయినా వచ్చి జవాబులు మార్చుకోవచ్చు. కాత్యాయని ఏ మాటైనా రాత్రి నిద్రపోయి లేచాక ఇంకోలా చెప్పేది. మనిషికి ఆపాటి అవకాశం ఉండాలని ఆయన సభలో పట్టుబట్టి సాధించాడు.

ఆ ఏడు పోటీ ఇద్దరి మధ్య. ఒకరు బడి నడిపే పరంజ్యోతి మాస్టారు. రెండోవారు గాలి కర్మాగారం ఇంజినీరు హైమవతి, కాత్యాయనికి స్వయానా చెల్లెలు. పిల్లలకు పదేళ్లదాకా తెలుగులోనే చదువు చెప్పాలని మాస్టారు అంటే, ఏడేళ్లు చాలంటుంది హైమవతి. భూమి నుంచి వచ్చేవాళ్లకు తలుపులు తెరవాలని ఆయన, ముందు ఉన్నవాళ్లకు ఇళ్లు చూడాలని ఈవిడ. పందొమ్మిదో ప్రశ్న తోట గురించి. పడమటి గదుల్లో నలభై కుటుంబాలు చలికి ఒక్కో గదిలో ఎనిమిదేసి మంది చొప్పున పడుకుంటున్నాయి. తూర్పు తోట గడ్డకట్టినా సరే, దానికి పోయే వేడిని పైపులు తిప్పి అటు పంపాలని హైమవతి విధానం. తోట అలాగే ఉండాలి, పడమటికి వేరే కొలిమి కట్టాలి, అందుకు మూడేళ్లు పడుతుంది అని మాస్టారు విధానం.

మూడో రోజు ఇడ్లీ కొట్టు అప్పలనరసమ్మ యంత్రం గదిలోంచి మండిపడుతూ బయటికొచ్చింది.

“ఏటి బాబూ, నీ మిసనుకి మతి పోనాదేటి? మాయింటిల్లిపాదీ హైమమ్మకే. నన్ను పట్టుకుని మాస్టారి మనిసంటాది!”

నీ జవాబులే అలా ఉన్నాయేమోనమ్మా అని గౌరీపతి నవ్వాడు. నా జవాబులు నాకు తెలవ్వా, అని ఆమె అక్కడే రెండు నిమిషాలు నిలబడి ఆలోచించి, మళ్లీ ఎల్లొస్తానని లోపలికి పోయింది. ఈసారి బయటికి వచ్చినప్పుడు మొహం తేటపడింది. ఆమె తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు. జనం తిరిగి వచ్చి మళ్లీ ఆలోచిస్తున్నారని గౌరీపతి సంబరపడ్డాడు. యంత్రాన్ని చూసుకునే సహాయ శాస్త్రవేత్త రజియాతో ఆ రాత్రి టీ తాగుతూ, ఇదంతా చూడటానికి కాత్యాయని లేకపోయిందని మాత్రం అన్నాడు.

ఆఖరి రోజున ఆయన కూడా గదిలోకి వెళ్లాడు. ఇరవై ఐదూ నిదానంగా తాకాడు.

“మీ జవాబులు పన్నెండు హైమవతి గారితో, పదమూడు పరంజ్యోతి గారితో కలిశాయి,” అంది తులనిక.

గౌరీపతికి ఎవరో చూస్తున్నట్టు సిగ్గేసింది. కాత్యాయని మంచాన పడ్డ పద్నాలుగు నెలలూ రాత్రి డ్యూటీ చేసొచ్చి, నిద్ర మానుకుని అక్కకు తల దువ్వింది హైమవతి. అలాంటి పిల్లకు ఓటేస్తూ, మనసు ఇంకొకరి వైపుందని యంత్రం చేత అనిపించుకోవడం ఆయనకు కష్టంగా తోచింది.

“ఇంకోసారి చూస్తాను,” అన్నాడు.

“చూడండి. తొందరేమీ లేదు.”

ఒక్క జవాబు మారిస్తే చాలు. కానీ ఏది? చదువు విషయం మార్చుకోబుద్ధి కాలేదు. భూమి నుంచి వచ్చేవాళ్లను బయట నిలబెట్టడానికీ మనసొప్పలేదు. పందొమ్మిది దగ్గర ఆగాడు. తోటను ఈ ఊళ్లో ఎవరు వదులుకుంటారు? ప్రతి ఇంటికీ అక్కడో పాదుంది. నేనొక్కణ్ణి ఎటు తాకినా దానికి వచ్చిన భయమేమీ లేదు అనుకున్నాడు. తాకాడు. పదమూడు హైమవతి గారితో, అంది యంత్రం. ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకుని బయటికొచ్చాడు.

హైమవతి గెలిచింది. వీధిలో డప్పులు మోగాయి. మాస్టారే మొదట వచ్చి ఆమె చేతిలో చెయ్యేసి, బడికి కిటికీ అద్దాలు మాత్రం మరిచిపోకమ్మా అన్నారు.

మర్నాడు ఆదేశపత్రం అచ్చయి వచ్చింది. పందొమ్మిదో వరుసలో: వేడి పడమటికి మళ్లించాలి. అవునన్నవారు వెయ్యిన్నీ నలభై ఒక్క మంది. వద్దన్నవారు ఎనిమిది వందల డెబ్బై ఒక్క మంది.

యంత్రంలో తప్పుందేమోనని గౌరీపతి, రజియా రెండు రోజులు కూర్చుని తడిమారు. తప్పు దొరకలేదు. మూడో రోజు రజియా ఎందుకో ప్రతి ఓటరు మొదటిసారి ఇచ్చిన జవాబుల డేటా తీసి చూసింది.

“సార్, మొదటిసారి తోట ఉండాలన్నవాళ్లు పదమూడు వందల ఎనభై ఎనిమిది మంది,” అంది. “వాళ్లలో ఐదు వందల పైమంది తర్వాత మార్చారు. మిగతా ప్రశ్నలేవీ ఇంతగా మారలేదు. మార్చినవాళ్లలో చాలామంది ఇదొక్కటే తాకి వెళ్లారు.”

ఎందుకని ఆమె అడగలేదు. అడిగితే చెప్పడానికి ఆయన దగ్గర జవాబుంది. ఊళ్లో అందరికీ అన్నిటికన్నా ప్రాణమైనది ఏదో, దాన్ని మిగతావాళ్లు కాపాడతారులెమ్మని ప్రతివాడూ నమ్మాడు. అందుకే వదులుకోవడానికి అదే తేలికనిపించింది.

ఆ సాయంత్రం హైమవతి ఇంటికి వచ్చింది. మెడ మీద రోజూ పడుతున్న దండలు గుచ్చుకున్న ఎర్రటి చారలు ఉన్నాయి. కుర్చీ చూపిస్తే కూర్చోకుండా గోడకు ఆనుకుంది.

“బావగారూ, మీరంతా వద్దంటారనుకున్నాను,” అంది. “పడమటి పిల్లలు చలికి దగ్గుతుంటే చూడలేక విధానంలో అలా రాశాను. కానీ ఊరు ఒప్పుకోదు కదా, ఆదేశపత్రం నన్ను ఆపుతుంది కదా అన్న ధైర్యంతోనే రాశాను. ఆపితే మాస్టారు చెప్పిన కొలిమే కడదామనుకున్నాను.”

గౌరీపతి తల దించుకున్నాడు. “అందులో నా వేలు కూడా ఉందమ్మా. నీకోసమే.”

ఆమె ఆయన వైపు చూసి, నవ్వలేక నవ్వింది.

“నాదీ ఉంది. మొదటిసారి తోట ఉండాలనే తాకాను. నా విధానాలతో ఇరవై నాలుగే కలిశాయంది మీ యంత్రం. అభ్యర్థికే తన మీద గురి లేదంటే ఏం బాగుంటుందని, వెనక్కి వెళ్లి మార్చాను.”

పత్రాన్ని తెరిచే దారి లేదని ఇద్దరికీ తెలుసు. అలా తెరవకూడదని వాదించి గెలిచింది గౌరీపతే. జనం మాటను ఏ సెనేటరూ దిద్దకూడదని ఆ రోజు ఎంత గట్టిగా చెప్పాడో ఆయనకు గుర్తొచ్చింది. జనం తమ మాటను తామే దిద్దుకుంటారని ఆరేళ్లలో ఒక్కసారి కూడా తోచలేదు. అభ్యర్థి ఏమంటే అదే తమ మనసని వాళ్లు, జనం ఒప్పుకోకపోతే తన మాట చెల్లదులే అని అభ్యర్థి అనుకున్నారు. మధ్యలో యంత్రం ఇద్దరినీ శ్రద్ధగా విన్నది.

“పైపులు ఎప్పుడు తిప్పుతారు?”

“శుక్రవారం పొద్దున. ఇంకో వారం ఆపగలను. ఆపమంటారా?”

గౌరీపతి ఆలోచించాడు. పడమటి వీధిలో అప్పుడే జనం పరుపులు సర్దుకుంటున్నారు. ఎవరి పిల్లో చాపమీద దొర్లి చూస్తూ, ఇకనుంచి కాళ్లు చాపుకోవచ్చంటూ కేరింతలు కొట్టడం మధ్యాహ్నం ఆయన చూశాడు.

“వద్దులే,” అన్నాడు. “పిల్లలకు చెప్పేశారుగా.”

హైమవతి వెళ్లేముందు వంగి ఆయన పాదాలు తాకింది. గెలిచిన రోజు తాకిన దానికన్నా ఎక్కువసేపు అలాగే ఉంది.

గురువారం తోటకు వెళ్లాడు. ఊరంతా అక్కడే ఉన్నట్టుంది. ఎవరి పాదు దగ్గర వాళ్లు కూర్చుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా ఆకులు తుడుస్తున్నారు. కొందరు విత్తనాలు చిన్న సంచుల్లోకి ఏరుకుంటున్నారు. ఇంట్లో కుండీల్లో మొలుస్తాయో లేదో ఎవరికీ తెలియదు. మాస్టారు మాత్రం ఒక్కో పాదూ చూస్తూ, ఇంటివాళ్లు రాలేకపోయిన వాటికి నీళ్లు పోస్తున్నారు.

గౌరీపతి కాత్యాయని పాదు పక్కన చతికిలబడి మట్టిలో చేయి పెట్టాడు. ఇంకా వెచ్చగానే ఉంది. రెండు వరుసల అవతల అప్పలనరసమ్మ తన భర్త పాదులోంచి కళ్లెత్తి ఆయనను చూసింది.

“బాబూ,” అంది, గొంతు బాగా తగ్గించి. “ఆ పెస్న నానొక్కదాన్నే మార్సీననుకున్నాను.”

“నేనూ అంతేనమ్మా,” అన్నాడు గౌరీపతి.

రోజూ ఆరు కొట్టగానే అందరినీ పంపేసే కాపలాదారు సింహాచలం ఆ పూట గంట కొట్టలేదు. గుమ్మటం దీపాలు తగ్గుతున్నా గోడవైపు తిరిగి నిలబడి, ఎండిన తీగ చిక్కులేవో విప్పుతూ ఉన్నాడు. ఒక్కొక్కరే లేచి వెళ్లారు. చివరగా గౌరీపతి చేతులు దులుపుకోకుండానే బయటికి నడిచాడు. ఆయన మలుపు తిరిగేదాకా ఆగి, సింహాచలం తలుపును రెండు చేతులా పట్టుకుని, చప్పుడు కాకుండా మెల్లిగా దగ్గరికి వేశాడు.