ముల్లు లేని ముక్క

"ఆపండి!"

బందరు నుంచి గుడివాడ వెళ్ళే ఉదయం ప్యాసింజరులో ఆ కేక వినగానే పేకాడుతున్న వాళ్ళు ముక్కలు కింద పెట్టేశారు. ఎవరో చెయ్యి పైకెత్తి చైను కోసం వెతికారు కూడా.

కేక వేసింది వీరదుర్గ. గుడివాడలో ఓ చిన్న ప్రైవేటు స్కూల్లో ఎల్‌కేజీ టీచరు. ఆవిడ ఎవరిని ఆపమందో ఆ మనిషి మాత్రం ఆగలేదు. ఎదురు సీట్లో, ఒళ్ళో మూడేళ్ళ పిల్లాణ్ణి, పక్కన ఆరేళ్ళ పిల్లని పెట్టుకుని, క్యారియర్ మూతలో చేప ముక్క విప్పుతున్నాడు. కాళ్ళ దగ్గర చేపల గంప. అందులోంచి కారిన ఐసు నీళ్ళు నెమ్మదిగా వీరదుర్గ చెప్పుల దాకా వచ్చాయి.

"ఏం ఆపాలండీ? రైలా?" అన్నాడతను.

"పిల్లలకి చేప పెట్టడం. కదిలే రైల్లో చేపల పులుసేంటండీ? ముల్లు గొంతులో ఇరుక్కుంటే?"

"తీశానండీ."

"ఒకటి మిగిలితే?"

"మిగలదండీ."

"మిగిలితే?"

"మీరు లెక్కల టీచరాండీ?"

పేకాట వాళ్ళు నవ్వారు. పిల్లాడు నోట్లో ముద్దతోనే తండ్రి గడ్డం పట్టుకుని, "నాన్నా, ఆంతీ ఎందుకు అలుత్తోంది?" అని అడిగాడు.

వీరదుర్గ చటుక్కున కిటికీ వైపు తిరిగింది. బయట జూన్ వాన కొత్తగా మొదలైంది. వాన చూద్దామనే అనుకుంది పాపం. కళ్ళు మాత్రం అతని వేళ్ళ మీదికే వచ్చాయి. బొటనవేలు, చూపుడువేలు ముక్క మీద మెత్తగా జరిపి, ముల్లు ఎక్కడుందో చూడకుండానే పట్టేస్తున్నాడు. తీసిన ముల్లు మూత అంచున పెడుతున్నాడు. ఇద్దరూ తిన్నాక, ముళ్ళకి అంటుకుని మిగిలిన ఆ కాస్తా తను చప్పరించి గబగబా తినేశాడు. ఇదంతా ఊపిరి బిగబట్టి చూసిందని ఆవిడకి పెడన స్టేషన్లో గానీ తెలియలేదు.

అతని పేరు శోభనాద్రి. గిలకలదిండి హార్బర్లో వేలంపాటలో చేపలు పాడుకుని గుడివాడ మార్కెట్లో అమ్ముతాడు. భార్య కామెర్లతో పోయి రెండేళ్ళయింది. తల్లి కొండమ్మ పొద్దస్తమానం చేపలు ఎండబెట్టే పనిలో ఉంటుంది. అందుకే పిల్లలు గంపతో పాటు రైలెక్కుతారు.

ఇక వీరదుర్గ సంగతి. బందర్లో ఎండుచేపల కొట్టు సోమేశ్వరరావు కూతురై ఉండి చేప ముట్టదు. ఎనిమిదేళ్ళప్పుడు, అమ్మ నీళ్ళకి వెళ్ళిన కాసేపట్లో, తమ్ముడు పోతురాజుకి ప్రేమగా చేప ముద్ద పెట్టింది. ముల్లు దిగింది. పిల్లాడి నోట్లోంచి నెత్తురు. ఆస్పత్రిలో డాక్టరు ఇట్టే తీసేశాడు కానీ, ఇంటికొచ్చాక నానమ్మ ఓ మాట అంది. "దీని చెయ్యి మంచిది కాదు. పసిపిల్లలకి దీని చేత్తో కూడు పెట్టనీకండి."

ఆ నానమ్మ ఇప్పుడు లేదు. పోతురాజు డిగ్రీ చదువుతూ వేయించిన కవళ్ళ చేపల్ని తలతో సహా నమిలేస్తున్నాడు. ఆ మాట ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. వీరదుర్గ మాత్రం ఈ రోజుకీ స్కూల్లో పిల్లల టిఫిన్ బాక్సు మూత తీసి ఇస్తుంది, స్పూను చేతికిస్తుంది, నోట్లో ముద్ద మాత్రం ఆయా చేతే పెట్టిస్తుంది. అంత భయం.

"పెద్దమ్మాయిని బడిలో వెయ్యలేదేం?" అని మర్నాడు తనే అడిగింది.

"మధ్యాహ్నం వీళ్ళని ఎవరు చూస్తారండీ?"

"నేను చూస్తాను."

అనేశాక నాలిక కరుచుకుంది. ఏం అన్నాను నేను?

అలా పెద్దమ్మాయి భవాని ఒకటో తరగతిలో, చిన్నవాడు అబ్బులు ఎల్‌కేజీలో చేరారు. వీరదుర్గ పెట్టిన షరతు ఒక్కటే. బాక్సులో పెరుగన్నం తప్ప ఇంకేదీ ఉండకూడదు.

"చేపలోళ్ళ పిల్లలకి పెరుగన్నమా!" అని కొండమ్మ ముక్కున వేలేసుకుందట. "మేడంగారి ఆర్డరమ్మా" అన్నాడట కొడుకు.

రైల్లో రోజూ అదే సీటు. అబ్బులుకి లెక్కలు వచ్చేశాయని వాడి నమ్మకం. కిటికీలోంచి కనిపించిన ప్రతి గేదెనీ, కొంగనీ లెక్కపెట్టేవాడు. "ఒకటి, లెండు, చాలా!"

"రెండు తర్వాత మూడురా" అనేది వీరదుర్గ.

"మూలు కాదు తీచల్. చాలా."

చొక్కా తిరగేసుకుని వచ్చేవాడు. ఎడమకాలి చెప్పు కుడికాలికి వేసుకుని, చెప్పులు కొరుకుతున్నాయని ఫిర్యాదు చేసేవాడు. భవాని కండక్టరై అందరికీ బాదం ఆకులు చింపి టికెట్లు ఇచ్చేది. శోభనాద్రి టికెట్ పోగొట్టుకున్నట్టు నటిస్తే ఫైను వేసేది. ఫైనంటే టీచరుగారికి నమస్కారం పెట్టడం. అతను రోజూ పోగొట్టుకునేవాడు. వీరదుర్గ నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకునేది.

నిజం చెప్పాలంటే, పొద్దున్నే అలారం కంటే ముందు లేచి జడ వేసుకోవడం ఆవిడకి ఈ జూన్ నుంచే అలవాటైంది.

కవుతరం దాటాక అబ్బులు ఆవిడ ఒళ్ళో నిద్రపోయేవాడు. వాడు కదలకుండా పడుకుంటే ఆవిడకి భయం. ఎవరూ చూడకుండా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. వెచ్చటి గాలి తగలగానే ప్రాణం కుదుటపడేది. మళ్ళీ గుడ్లవల్లేరులో ఇంకోసారి.

"ఉన్నాడాండీ మావాడు?" అని ఓ రోజు శోభనాద్రి కళ్ళు మూసుకునే అడిగాడు. ఆవిడ ముఖం ఎర్రబడింది.

ఆషాఢం చివర్లో కొండమ్మ సోమేశ్వరరావు ఇంటికి వచ్చి, వస్తూనే అసలు మాట ఎత్తింది.

"అన్నయ్యా, మీ అమ్మాయిని మా వాడికి అడగటానికి వచ్చా. రెండో పెళ్ళే, కాదన్ను. కానీ నా మనవలు ఇంట్లో మీ పిల్ల పేరు తప్ప ఇంకో పేరు ఎత్తట్లేదు."

చేపల బేరాల్లో ఎరిగిన ఆ కుర్రాడంటే సోమేశ్వరరావుకి ముందు నుంచీ గురి. "దుర్గమ్మా, నీ మాటే నా మాట" అన్నాడు.

"వద్దు నాన్నా" అంది వీరదుర్గ.

కొండమ్మ చేతిసంచీ దగ్గరికి లాక్కుంది. "సరే తల్లీ. అవనిగడ్డ నించి ఇంకో సంబంధం వచ్చింది. శ్రావణం దాటనిచ్చేది లేదు. పసోళ్ళకి తల్లి కావాలి" అని లేచింది.

మర్నాడు రైల్లో టికెట్ల ఆట లేదు. అబ్బులు నిద్రపోయాడు. భవాని కిటికీకి ముఖం ఆనించి కూర్చుంది.

"నేను నచ్చలేదాండీ?" అన్నాడు శోభనాద్రి మెల్లగా.

"అది కాదండీ."

"పిల్లలా?"

"పిల్లలు చాలా నచ్చారు. అందుకే."

"నచ్చితే వద్దంటారా? ఇదేం లెక్కండీ?"

వీరదుర్గ కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. తమ్ముడి సంగతి, నానమ్మ మాట, అన్నీ చెప్పేసింది. "నా చెయ్యి మంచిది కాదండీ. నా చేతి ముద్ద తిని వీళ్ళకేమైనా అయితే నేను బతకలేను" అంది.

అతను ఆవిడ చేతి వంక చూశాడు. తేలిక చేద్దామనుకున్నాడో ఏమో, "చూడ్డానికి బానే ఉందండీ" అన్నాడు.

అనకూడని సమయంలో అన్నాడు. ఆవిడ అబ్బులుని అతని ఒళ్ళో పడుకోబెట్టి, తర్వాతి స్టేషన్లో దిగి లేడీస్ పెట్టెలోకి వెళ్ళిపోయింది. వారం రోజులు అక్కడే ప్రయాణం చేసింది. పక్క పెట్టెలోంచి "ఒకటి, లెండు" వినిపిస్తే కొంగుతో ముఖం కప్పుకునేది.

ఆ తర్వాత వచ్చిన సోమవారం గుడివాడలో కుంభవృష్టి. మధ్యాహ్నం బెల్లు కొట్టాక పిల్లలంతా వరండాలో అన్నాలకి కూర్చున్నారు. వాన హోరులో ఎవరి మాట ఎవరికీ వినపడటం లేదు. ఆ హోరులోనే వీరదుర్గకి ఓ దగ్గు వినిపించింది.

మామూలు దగ్గు కాదు. ఆ చప్పుడు ఆవిడకి ఎనిమిదేళ్ళప్పటి నుంచీ తెలుసు.

వరండా చివర స్తంభం వెనక అబ్బులు. కళ్ళు బయటికొచ్చాయి, రెండు చేతులూ గొంతు మీదున్నాయి. ముందు భవాని, ఒళ్ళో పులుసు బాక్సు.

వీరదుర్గ ఆయా కోసం చూసింది. ఆయా లేదు. మరుక్షణంలో ఎలా పరిగెత్తిందో తెలియదు, పిల్లాణ్ణి తన చేతి మీద ముందుకి వంచి వీపు మీద చరుస్తోంది. "దగ్గు నాన్నా, దగ్గురా బాబూ, ఇంకొక్కసారి." వాడు దగ్గాడు. మళ్ళీ దగ్గాడు. భళ్ళున వాంతి చేసుకున్నాడు. అందులో సన్నటి ముల్లు.

వాడు పెద్దగా ఏడ్చాడు. ఆ ఏడుపు విని వీరదుర్గ కూడా ఏడ్చింది. స్కూలు పక్కనే ఉన్న డాక్టరు టార్చి వేసి గొంతు చూసి, ఏమీ లేదు, చిన్న గీత పడిందంతే, కాసేపాగి చల్లటి పాలు పట్టండి అన్నాడు.

తిరిగొచ్చేసరికి భవాని స్తంభం వెనకే నిలబడి ఉంది. రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది.

"పులుసు ఎందుకు తెచ్చావమ్మా?"

"ముళ్ళు తియ్యడం నేర్చుకుందామని." ఆ పిల్ల తలెత్తలేదు. "అవనిగడ్డ పిన్ని వస్తుందంట. ఆవిడ తమ్ముడికి ముళ్ళు తీస్తుందో తియ్యదో అని... నానమ్మకి చెప్పకుండా పెట్టుకొచ్చా."

"చేతులెందుకు దాచావ్? ఏదీ, చూపించు."

"వద్దు టీచర్. నా చెయ్యి మంచిది కాదు."

ఆ మాట ఈ పిల్లకి ఇంకెవరూ చెప్పలేదు. ఆ రోజు రైల్లో, కిటికీకి ముఖం ఆనించి కూర్చున్న పిల్ల చెవిలో వీరదుర్గ నోటి నుంచే పడింది. ఇప్పుడు తను ఒక్క ముక్క మాట్లాడకుండా ఊరుకుంటే, ఈ పిల్ల పెద్దయి కూడా పసివాళ్ళని చూసి చేతులు దాచుకుంటుంది.

"ఎవరన్నారు? అబద్ధం" అంది. తనకీ వినిపించాలన్నంత గట్టిగా అంది. "మన చేతులకేం కాలేదు భవానీ. చిన్నపిల్లవి, ఎవరూ నేర్పలేదు, అంతే. నాకూ అప్పట్లో ఎవరూ నేర్పలేదు. ఆ బాక్సు ఇలా తే."

ఇద్దరూ కింద కూర్చున్నారు. వీరదుర్గ చేప ముక్క ముట్టుకుంది. ఉదయం ప్యాసింజరులో రోజుల తరబడి దొంగచూపులు చూసిన వేళ్ళు గుర్తొచ్చాయి. బొటనవేలు, చూపుడువేలు. మెత్తగా జరపాలి. "ఇదిగో, ఇక్కడ గుచ్చుకుంటోంది చూడు. లాగకు, అది ఎటు వస్తే అటే తియ్యాలి."

"వచ్చింది టీచర్!"

"ఇంకోసారి వెతుకు. మూడోసారి కూడా వెతుకు. భయం వేస్తే నాలుగోసారి వెతుకు, తప్పులేదు."

ముల్లు లేని మొదటి ముద్ద భవాని నోట్లో పెట్టింది. ఆ పిల్ల నమిలి మింగేదాకా తను మింగలేదు. రెండోది భవాని ఆవిడ నోటికి అందించింది. పులుపు, కారం, ఎన్నో ఏళ్ళ నాటి అమ్మ వంటిల్లు. వీరదుర్గ కళ్ళు తుడుచుకుని ఇంకో ముద్దకి నోరు తెరిచింది.

ఎవరు కబురు చెప్పారో, శోభనాద్రి మార్కెట్ నుంచి తడిసి ముద్దయి పరిగెత్తుకొచ్చాడు. అబ్బులు ఆయా ఒళ్ళో పాలు తాగుతూ మూతి తుడుచుకుంటున్నాడు. అతను వాణ్ణి గుండెకి హత్తుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత గుమ్మం పక్కనే కూలబడ్డాడు.

"పొద్దున్నుంచీ ఏమైనా తిన్నారా?" అంది వీరదుర్గ.

"లేదండీ."

బాక్సులో ఒక్క ముక్క ఉంది. ఆవిడ దాన్ని విప్పింది, వెతికింది, మళ్ళీ వెతికింది. అన్నంలో కలిపి మూతలో పెట్టి అతని ముందుకి జరిపింది. అతను ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు.

ఆవిడ మూత వెనక్కి లాక్కుంది. "ఏమైందండీ? ముల్లా?"

"కాదండీ." ముద్ద మింగాడు. "అందరికీ తీసి పెట్టడమే గానీ, నాకు ముల్లు తీసి పెట్టినవాళ్ళు లేక... ముక్క రుచి మర్చిపోయానండీ. మొన్న మీ భయాన్ని వేళాకోళం చేశాను. తప్పయింది."

"భయం పోలేదండీ. రేపూ ఉంటుంది. వీడు దగ్గినప్పుడల్లా ఉంటుంది."

"నాకూ ఉందండీ. పైకి నవ్వుతాను గానీ, మీరు గుడ్లవల్లేరులో చూస్తే, నేను గుడివాడ వచ్చేలోపు వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను."

వీరదుర్గకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అతను తలొంచుకుని అడిగాడు. "అవనిగడ్డ వాళ్ళకి ఏం చెప్పమంటారు?"

"ఇంట్లో ముళ్ళు తీసేవాళ్ళు ముగ్గురున్నారని చెప్పండి."

భవాని ఇద్దరి వంకా మార్చి మార్చి చూసి, నెమ్మదిగా వచ్చి ఆవిడ కొంగు పట్టుకుంది. అబ్బులు పాలగ్లాసు కింద పెట్టి, అలవాటు ప్రకారం వేలు చూపిస్తూ లెక్క మొదలుపెట్టాడు.

"నాన్న ఒకటి. అక్క లెండు. తీచల్... చాలా!"

"చాలురా" అన్నాడు శోభనాద్రి.